మన పడమటి కొండలు

గుంటూరు, ప్రకాశం మైదానాలలో పుట్టి పెరిగినవారితో కొండల ప్రస్తావన తెస్తే ఊటీ, కొడైక్కానల్, అరకులోయ అనే పేర్లే ముందుగా వినబడతవి. కొండ అనేది సెలవులలో రైలెక్కి పోయి చూచి రావలసిన దూరపు వింత అని మనవారి భావన. ప్రత్తిచేలో పొద్దుగూకే వేళ పడమటి దిక్కున నీలపుగీత వలె కనబడేది కూడా కొండల వరుసేనని ఎవరైనా గుర్తుచేస్తే, అవునా అన్నట్లు ఒకసారి తలయెత్తి చూచి మళ్ళీ పనిలో పడిపోతారు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచినది ఆ నీలపుగీతను గురించి, దానికి ఇవతల మన చేల నడుమ ఒంటరిగా నిలిచిన కొన్ని కొండలను గురించి.

ముందుగా ఒక మాట మనవి చేయాలి. దేవదారు వృక్షాలు, మంచుతెరలు, ఉన్నికోటు అవసరమయ్యే చల్లదనం కోరేవారు నా మాట విని బయలుదేరితే దారిపొడుగునా నన్ను తిట్టుకుంటారు. మన కొండలు పొడికొండలు. బండరాళ్ళు, ముళ్ళపొదలు, సీతాఫలపు చెట్లు, వానలు పడిన నాలుగు నెలలు మాత్రం కంటికింపైన పచ్చదనం, ఇంతే వాటి సొత్తు. వాటి అందం వాటిలో సగమే ఉన్నది. తక్కిన సగం వాటి పాదాల దగ్గర పరచుకొన్న మైదానంలో ఉన్నది. శత్రుభయం కలిగినప్పుడు మైదానపు మనిషి ఎక్కినది ఈ కొండలనే. మొక్కు చెల్లించుకొనటానికి ఎక్కినదీ ఈ కొండలనే. చేనికి నీరు కావలసివచ్చినప్పుడు చేయి చాచినదీ వీటివైపే. ఈ సంబంధం తెలిసి చూచినవానికి మన కొండలు కనబడినట్లు మరొకరికి కనబడవు.

గుంటూరు నుండి చిలకలూరిపేట పోయే రహదారిలో యడ్లపాడు ప్రాంతాన కుడివైపుకు తిరిగితే కొండవీడు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత కొద్దికాలానికే ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో స్వతంత్రరాజ్యం నెలకొల్పినాడు. ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చినాడు. అద్దంకి చదునుభూమి, గుర్రపుదళాలు వచ్చి మీదపడటానికి అడ్డు ఏమీ లేదు. కొండవీటిలో ప్రకృతియే సగం కోటను కట్టి ఇచ్చినది. మనం కోట అనగానే గోడలను, బురుజులను చూడటానికి పరుగెత్తుతాము. నా మట్టుకు నాకు కొండవీటిలో అన్నిటికన్న ఆశ్చర్యం కలిగించేవి పైనున్న మూడు చెరువులు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని వాటి పేర్లు. గోడలు ఎంత బలమైనవైనా నీరు లేని కోట ముట్టడికి ఆగదు. కొండమీద పడిన వాననీటిని చుక్క జారిపోనీయకుండా పట్టి నిలిపినవారు, సైన్యాన్ని గురించి ఎంత ఆలోచించినారో దాహాన్ని గురించీ అంత ఆలోచించినారు.

ఈ కొండమీదనే కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలు జరిపి కర్పూర వసంతరాయలని బిరుదు పొందినాడు. ఆ ఉత్సవాలకు కావలసిన సుగంధద్రవ్యాలను అవచి తిప్పయసెట్టి ద్వీపాంతరాలనుండి ఓడలమీద తెప్పించేవాడని శ్రీనాథుని హరవిలాసం వలన మనకు తెలుస్తున్నది. పెదకోమటి వేమారెడ్డి కాలంలో ఆ శ్రీనాథుడే ఇక్కడ విద్యాధికారి. 1424 ప్రాంతంలో ఆ రాజ్యం అంతరించినది. తరువాత గజపతులు, 1515లో శ్రీకృష్ణదేవరాయలు, ఆ మీదట గోలకొండవారు వరుసగా ఈ కోటను పట్టినారు. ఇన్ని చేతులు మారిన కోటలో ఇప్పుడు నిలిచినవి కొన్ని ప్రాకారాలు, మంటపాలు, గుడుల శిథిలాలు, ఆ మూడు చెరువులు.

ఇటీవలి సంవత్సరాలలో కొండపైకి ఘాటురోడ్డు వేసినారు. వృద్ధులకు, చిన్నపిల్లల తల్లులకు అది పెద్ద మేలు. దానిని నేను ఆక్షేపించను. అయితే కారు దిగి, గోడ దగ్గర నిలబడి ఛాయాచిత్రం తీయించుకొని, అరగంటలో మళ్ళీ కారెక్కేవారు చూచినది కొండవీడు కాదు. చెరువుగట్టు మీద ఒక గంటసేపు ఊరక కూర్చుంటే, ఈ రాళ్ళ నడుమ ఇంత నీరు ఎట్లా ఆగినదా అన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది.

కొండవీటి నుండి నరసరావుపేట మీదుగా పోతే కోటప్పకొండ. దీనికి త్రికూటాచలమని పేరు. ఏ దిక్కునుండి చూచినా మూడు శిఖరాలు కనబడటం దీని ప్రత్యేకత. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలని వాటిని పిలుస్తారు. ఈ కొండమీద కాకి వాలదని ఒక ప్రతీతి ఉన్నది. పరీక్షించదలచినవారు పరీక్షించవచ్చును.

ఇక్కడి గొల్లభామ కథ మన ప్రాంతంలో తెలియనివారు ఉండరు. అయినా క్లుప్తంగా చెప్పుతాను. ఆనందవల్లి అనే గొల్లకన్య ప్రతిదినమూ రుద్రశిఖరం ఎక్కి స్వామిని సేవించేది. స్వామి మాయవలన గర్భవతి అయినది. ఇక కొండ ఎక్కలేను, నీవే క్రిందికి రావలసినదని ప్రార్థించినది. వస్తాను, ముందు నడువుము, వెనుదిరిగి చూడరాదు అన్నాడు స్వామి. బ్రహ్మశిఖరం చేరేసరికి వెనుక వినబడే భీకరధ్వనికి ఆగలేక ఆమె తిరిగి చూచినది. స్వామి అక్కడనే నిలిచిపోయినాడు. కొండకు, మైదానానికి నడుమ ఇంతకంటె చక్కని ఒడంబడిక నేను వినలేదు. పై శిఖరం పాతకోటయ్యది. ఎక్కలేనివారి కోసం దేవుడు సగం దిగివచ్చి ఆగిన చోట మన గుడి ఉన్నది. గొల్లభామకు కూడ కొండమీద గుడి కట్టినారు. అంతకంటె న్యాయం ఏమి కావలెను!

మహాశివరాత్రినాటి తిరునాళ్ళను మాటలలో చెప్పటం కష్టం. చుట్టుప్రక్కల పల్లెలవారు నెలల తరబడి వెదుళ్ళు, వాసాలు కట్టి, రంగుగుడ్డలు, అద్దాలు, విద్యుద్దీపాలు అమర్చి ప్రభలు తయారుచేస్తారు. కొన్ని ప్రభలు ఎనభై అడుగుల పైచిలుకు ఎత్తు ఉంటవి. పూర్వం వాటిని ఎడ్లబండ్ల మీద తెచ్చేవారు. ఇప్పుడు ట్రాక్టర్లు కూడ వచ్చినవి. ప్రభ నడిచే దారిలో విద్యుత్తు తీగలు అడ్డం వస్తే వాటినే తొలగిస్తారు గాని ప్రభ ఎత్తు మాత్రం తగ్గించరు. చీకటిపడిన తరువాత మైదానంలో నాలుగు దిక్కుల నుండి దీపాలగోపురాలు ఊగుతూ కొండవైపు కదలివస్తూ ఉంటే, ‘చేదుకో కోటయ్యా’ అన్న కేక లక్షల గొంతులలో నుండి వస్తూ ఉంటే, పల్లెల పౌరుషం ఎంత ఎత్తు ఉంటుందో కంటితో కొలిచినట్లవుతుంది.

తిరునాళ్ళ మరునాడో, రెండు మూడు దినాల తరువాతనో, జనం పలచబడిన పిమ్మట, ఉదయవేళ మెట్లదారిన ఎక్కి ఒకసారి క్రిందికి చూడమని శ్రోతలను కోరుతున్నాను. అది మిరప కోతల కాలం. కళ్ళాలలో ఆరబోసిన మిరపకాయలు నేలమీద ఎర్రతివాసులు పరచినట్లు ఎంతదూరమో కనబడతవి. ఈ దృశ్యం ఊటీలో దొరకదు.

ఇక ప్రకాశం వైపు పోదాము. అక్కడ ఒంటరి కొండలు తగ్గి, అసలైన నల్లమల మొదలవుతుంది. చంద్రశేఖరపురం చేరువలో భైరవకోన ఉన్నది. ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, ప్రక్కనే పైనుండి దూకే జలపాతం. పల్లవశిల్పపు పోకడలు వాటిలో కనబడతవని పండితులు చెప్పుతారు. మామల్లపురం చూడటానికి మద్రాసు దాటి పోయినవారిలో ఎందరు భైరవకోన చూచినారో నాకు అనుమానమే. కార్తీక పౌర్ణమికి మాత్రం చుట్టుప్రక్కల జనం తండోపతండాలుగా వస్తారు.

కంభం చెరువు దగ్గర ఒక పూట ఆగాలి. గుండ్ల బ్రహ్మేశ్వరం ప్రాంతంలో నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల నడుమ ఇరుకుదారిన బయటికి రాబోతున్న చోట, ఆ సందును కట్టతో మూసివేసినారు. శ్రీకృష్ణదేవరాయల పత్నియైన గజపతి రాకుమారి దీనిని కట్టించినదని ప్రసిద్ధి. ఆవిరియంత్రం గాని, సిమెంటు గాని లేని రోజులలో చేసిన పని ఇది. ఇన్ని శతాబ్దాల తరువాత నేటికీ వానలు కురిసిన సంవత్సరం దీని క్రింద పొలాలు తడుస్తున్నవి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీనిని వారసత్వ కట్టడంగా గుర్తించినది. కొండ సందులో నీటిని ఆపి మైదానానికి ఇవ్వటం మనవారికి కొత్త విద్య కాదని చెప్పటానికే దీనిని ఇక్కడ ప్రస్తావించినాను. ముందు చెప్పబోయే విషయానికి ఇది పీఠిక వంటిది.

త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పుద్వారం. పూర్వం మన వైపు యాత్రికులు ఇక్కడ త్రిపురాంతకేశ్వరుని, బాలాత్రిపురసుందరిని దర్శించి, అడవిదారిన నడిచి మల్లికార్జునుని చేరేవారు. ఈ అడవి చెంచులది. మల్లన్నను తమ అల్లుడని, చెంచు మల్లయ్య అని వారు చెప్పుకొంటారు. కొండవీటి రెడ్లు శ్రీశైలానికి మెట్లు కట్టించినారు. అనవేమారెడ్డి అక్కడ 1377లో వీరశిరోమంటపం కట్టించినాడు. మైదానపు రాజు కొండదేవునికి ఇచ్చుకొన్న కానుకలు ఇవి. ఇప్పుడు దోర్నాల నుండి మంచి ఘాటురోడ్డు ఉన్నది. అది పెద్దపులుల అభయారణ్యం గుండా పోతుంది కనుక రాత్రి తొమ్మిది గంటల నుండి ఉదయం ఆరు వరకు వాహనాలను అనుమతించరు. ఈ నియమం ప్రయాణికులకు ఇబ్బందిగా తోచవచ్చును. పులి దృష్టితో చూస్తే ఆ తొమ్మిది గంటలే దాని సొంతం.

త్రిపురాంతకం నుండి ఉత్తరంగా యర్రగొండపాలెం మీదుగా మాచర్ల చేరవచ్చును. గుంటూరు నుండి నేరుగా వచ్చేవారికి పిడుగురాళ్ళ, గురజాల దారి ఉన్నది. పల్నాటి వీరుల కథ తెలిసినవారికి ఈ దారిలోని ప్రతి ఊరిపేరూ ఒక పద్యపాదం వలె వినబడుతుంది. కారెంపూడి వీరుల గుడి, చంద్రవంక ఒడ్డున మాచర్ల చెన్నకేశవాలయం చూడదగినవి. ఆ చంద్రవంకయే కొంత దూరం పోయి ఎత్తిపోతల వద్ద సుమారు డెబ్బది అడుగుల ఎత్తునుండి క్రిందికి దూకి, ఆ పిమ్మట కృష్ణలో కలుస్తుంది. వానకాలంలో ఈ జలపాతం అందం వర్ణనాతీతం. క్రింది మడుగులో మొసళ్ళున్నవి. స్నానానికి దిగదలచేవారు ఈ సంగతి మరువరాదు.

సాధారణంగా మనవారి యాత్ర ఎత్తిపోతల చూచి, నాగార్జునసాగరం ఆనకట్ట చూచి, చేపలకూరతో భోజనం చేసి తిరుగుముఖం పట్టటంతో ముగుస్తుంది. నా ఫిర్యాదు ఇక్కడనే. అసలు చూడవలసినది ఆనకట్టకు ఎగువన, జలాశయం నడుమ ఒక ద్వీపం వలె ఉన్నది. దాని పేరు నాగార్జునకొండ.

ఆ కొండ మొదట ద్వీపం కాదు. మూడు వైపుల నల్లమల కొండలు, పడమట కృష్ణానది చుట్టివచ్చిన ఒక లోయ. ఆ లోయ అంచున ఈ కొండ. సామాన్యశకం మూడవ, నాలుగవ శతాబ్దాలలో ఆ లోయలో విజయపురి అనే మహానగరం వెలసినది. ఇక్ష్వాకు రాజులకు అది రాజధాని. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన సోదరి చాంతిసిరి బుద్ధుని మహాచైత్యాన్ని పునరుద్ధరించినది. ఒకే ఇంట అన్న యజ్ఞం చేస్తే చెల్లెలు స్తూపం కట్టించినది. కార్తికేయునికి, హారీతికి, సర్వదేవునికి ఆలయాలున్న ఊరిలోనే ముప్పదికి పైగా బౌద్ధవిహారాలు ఉండేవి. బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, ఆ భిక్షుసంఘం ధర్మప్రచారం చేసిన దేశాల పేర్లు శాసనంలో చెక్కించినది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, యవనదేశం అందులో ఉన్నవి. మన మాచర్ల తాలూకాలోని ఒక రాతిమీద చీనాదేశం పేరు పదహారు వందల యేండ్లకు పైగా నిలిచి ఉన్నదన్న మాట. ఆ శిల్పాలకు వాడినది పల్నాటి సున్నపురాయి. ఈనాడు పిడుగురాళ్ళ బట్టీలలో సున్నంగా కాలుతున్నది ఆ జాతి రాయే.

ఇక్ష్వాకుల తరువాత నగరం పాడుబడి, అడవి కమ్ముకొన్నది. 1926లో ఒక బడిపంతులు ఇక్కడి పాత రాతిస్తంభాలను గమనించి ప్రభుత్వానికి తెలిపినాడు. పురావస్తుశాఖలో తెలుగు సహాయకుడైన రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించినాడు. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్ట్ త్రవ్వకాలు జరిపించినాడు. లోయ సంపద నిదానంగా వెలికివస్తున్న ఆ కాలంలో ఎవరికీ తొందర లేదు.

తొందర తరువాత వచ్చినది. కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టాలని నిర్ణయం జరిగినది. కడితే లోయ మునుగుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసినారు. అంతకు ముందు సంవత్సరమే, 1954లో, రాయప్రోలు సుబ్రహ్మణ్యంగారి నాయకత్వాన పురావస్తుశాఖవారు లోయ అంతటినీ త్రవ్వి చూడటానికి పూనుకొన్నారు. ఒకవైపు గోడ లేస్తున్నది, మరొకవైపు పలుగు దిగుతున్నది. 1960 వరకు ఆ పందెం సాగినది. నూటికి పైగా స్థలాలు త్రవ్వినారు. రాతియుగపు పనిముట్లు మొదలు రాజప్రాసాదం వరకు బయటపడినవి. చక్రాకారంలో ఆకులు తీర్చి కట్టిన స్తూపపు పునాదులు, స్వస్తిక రూపంలో కట్టిన పునాదులు కనబడినవి. ముఖ్యమైన కట్టడాలను కొన్నింటిని రాయి రాయిగా విప్పి కొండపైకి, కుడిగట్టున అనుపు వద్దకు చేర్చి మళ్ళీ నిలబెట్టినారు; కొన్నింటికి నమూనాలు కట్టినారు. తక్కినవి నీటిపాలయినవి. లోయలోని పల్లెలు ఖాళీ అయినవి. ఆ పల్లెవాసులు తరతరాల ఇండ్లు విడిచి పోయినారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలినారు.

ఆ నీరు ఎక్కడికి వచ్చినది? కుడికాలువ ద్వారా మన గుంటూరు, ప్రకాశం చేలలోకి వచ్చినది. వానకు మొగమెత్తి చూస్తూ జొన్న, వరిగ వేసుకొన్న నల్లరేగడిలో ప్రత్తికి, మిరపకు తడి దొరికినది. మా పెద్దలలో ఆ కాలువ రాకముందటి కరువులు ఎరిగినవారు ఆనకట్ట కట్టరాదని ఎన్నడూ అనలేదు, నేనూ అనను. విజయపురి మునగటం తప్పనిసరి అయినది. అయితే మునిగినదేమిటో ఆ నీరు త్రాగేవారు తెలుసుకొనటం కూడ అంత తప్పనిసరి అని నా అభిప్రాయం. ఇది విహారయాత్ర లెక్కలోకి రాదు. పొలం కొన్నవాడు పాత దస్తావేజులు చూచుకొన్నట్లు, మనం ఒకసారి పోయి చూచుకోవలసిన లెక్క.

విజయపురి దక్షిణం రేవు నుండి లాంచి ఇంచుమించు గంటసేపు పోతుంది. లాంచిలో పిల్లలు కేరింతలు కొడుతూ ఉంటారు. పెద్దలు గాలికి కునుకు తీస్తూ ఉంటారు. మనం పోతున్నది ఒక నగరం మీదుగా అని ఎవరూ చెప్పరు. పక్కన కూర్చున్న పిల్లలకు మీరు చెప్పండి. కొండమీద దిగగానే మధ్యయుగపు కోటగోడ ఎదురవుతుంది. విహారం వలె కట్టిన మ్యూజియంలో బుద్ధవిగ్రహాలను, జాతకకథల ఫలకాలను చూచిన తరువాత, మునిగిన లోయకు చేసిన నమూనా దగ్గర ఆగి, మహాచైత్యం ఎక్కడ, రాజప్రాసాదం ఎక్కడ, స్నానఘట్టం ఎక్కడ అని వేలితో చూపి పిల్లలకు చెప్పండి. ఆ పిమ్మట బయటికి వచ్చి నీటివైపు చూస్తే చూపు మారుతుంది. ఆచార్య నాగార్జునుని పేరు ఈ కొండకు ఉన్నది గాని, ఆయన ఇక్కడ నివసించినట్లు చెప్పే శాసనం ఏదీ త్రవ్వకాలలో దొరకలేదు. అది పరంపరాగతమైన విశ్వాసం.

తిరిగివచ్చేటప్పుడు అనుపు తప్పక చూడాలి. అక్కడ పునర్నిర్మించిన రంగస్థలం ఉన్నది. నాలుగు వైపులా రాతిమెట్లు, నడుమ చదునైన ఆవరణ. రేడియోలో పనిచేసేవానికి ధ్వని మీద మక్కువ ఎక్కువ కనుక ఈ ఒక్క ముచ్చట చెప్పుకోనివ్వండి. నడిమి ఆవరణలో నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పై మెట్టుమీద కూర్చున్నవారికి స్పష్టంగా వినబడుతుంది. మైక్రోఫోను లేదు, తీగ లేదు. పోయినవారు ఒకరు క్రింద, ఒకరు పైన నిలబడి పరీక్షించవచ్చును.

మ్యూజియానికి శుక్రవారం సెలవు. గాలి హెచ్చుగా ఉన్నప్పుడు, జలాశయంలో నీరు తగ్గినప్పుడు లాంచీలు నడవకపోవచ్చును కనుక ముందుగా విచారించుకొని బయలుదేరటం మంచిది. వేసవిలో బండలు నిప్పులు చెరుగుతవి. భాద్రపదం మొదలు మాఘం వరకు అనువైన కాలం. త్రాగే నీరు వెంట తీసుకొని పోవాలి.